బటన్ నొక్కితేనే తెలుస్తుంది

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో గట్టి గాలివాన వచ్చిందంటే ముందు కరెంటు పోతుంది, కొన్ని గంటలకు ఫోన్లలో సిగ్నలూ పోతుంది. టవర్ కూలిపోయిందంటారు జనం. చాలాసార్లు టవర్ నిక్షేపంగానే ఉంటుంది. కింద బ్యాటరీలు అయిపోయి ఉంటాయి, జనరేటర్‌కు డీజిల్ తెచ్చే బండి వాగు అవతల ఆగిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో ఫైబర్ తెగి ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖ అంతటి నగరమే ఫోన్లు పనిచేయక అల్లాడిపోయింది.

అలాంటప్పుడు పోలీసులకూ ఫైరువాళ్లకూ దిక్కు వైర్‌లెస్ సెట్టే. సెట్‌లో ఒక్కరు చెబితే ఆ ఛానల్ మీదున్న అందరూ ఒకేసారి వింటారు. పడవ ఎటు పోవాలో పదిమందికి పదిసార్లు ఫోన్ చేసే పని లేదు. కాకపోతే దానికీ బ్యాటరీ కావాలి, మాటను అందుకుని దూరానికి పంపే రిపీటర్ ఎత్తు మీద కావాలి.

సెట్ల పని చేసినవాణ్ణి గనక నాకు ఒక పట్టింపుంది. వింటున్నంతసేపు సెట్ చాలా కొద్ది కరెంటే తీసుకుంటుంది. బ్యాటరీ పాతబడినా గరగరమంటూ పలుకుతూనే ఉంటుంది, చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మాట్లాడదామని బటన్ నొక్కగానే లోడ్ పడి వోల్టేజీ జారిపోతుంది, సెట్ ఆగిపోతుంది. అందుకే వినిపిస్తోందంటే నేను ఒప్పుకోను. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, కంట్రోల్ రూమ్‌ను పిలిస్తే అటునుంచి జవాబు రావాలి. ఆ క్షణం ఆగకపోతే మొదటి మాట తెగిపోతుంది. తెగేది ఊరి పేరే కావచ్చు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అవే వానలకు మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేస్తే జనం ఇళ్ల కప్పులెక్కారు. వాళ్లను దించడానికి పడవలు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అంత వానలో రిపీటర్ బ్యాటరీ మార్చడానికి కొండెక్కేదెవరు?

2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. అప్పటిదాకా సరదాకొద్దీ దేశదేశాల హామ్‌లతో, అంటే అమెచ్యూర్ రేడియోవాళ్లతో, మాట్లాడుతున్నవాళ్లే, ఫోన్లు పోయాక అండమాన్ కబుర్లు బయటికి చేరవేశారు. వాళ్ల రేడియో స్టేషన్ అప్పటికే నడుస్తోంది కాబట్టి కుదిరింది.

అందుకే మన మండలాల్లోనూ ఎండాకాలంలోనే ఓ రోజు మెయిన్ స్విచ్ ఆపేసి, సెట్ ఉన్న ప్రతి ఆఫీసూ పూటంతా బ్యాటరీ మీదే మాట్లాడుకోవాలి. ఏ సెట్ ఏ గంటకు ఆగిపోయిందో రాసుకుని, మృగశిర కార్తెలోపు బాగుచేయించాలి. దానికి పెద్ద బడ్జెట్టేం అక్కర్లేదు, ఒక పూట తీరిక చాలు.