చిలుము పట్టిన తీగ

డాలస్‌లో మా గరాజ్ బల్ల మీద మీటరు పెట్టి చూస్తే పికప్ ఉలకలేదు, పలకలేదు. కాయిల్ ఎక్కడో తెగింది. అమ్మినాయన "ఎవరూ విప్పనిది, అచ్చంగా ఒరిజినల్" అన్నాడు. అందులో అబద్ధం లేదు, నిజంగానే ఎవరూ విప్పలేదు. పనిచేస్తుందని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

అది పాత సూప్రో ల్యాప్ స్టీల్ గిటార్‌ది. షికాగోలో వాల్కో కంపెనీ చేసిన రకం. తీగలు దాని మీదుగా కాకుండా మధ్యలోంచి దూరిపోతాయి. ఒకప్పుడు ఈ గిటార్లు నేర్చుకునే పిల్లలకు కొనిచ్చే చవక సరుకు. రై కూడర్ వాల్కో పికప్ ఒకటి తన స్ట్రాటోకాస్టర్‌కు బిగించుకుని స్లైడ్ వాయించాక కథ మారింది. (మన విశ్వమోహన్ భట్‌తో 1993లో 'ఎ మీటింగ్ బై ద రివర్' చేసిన కూడరే.) ఆ నాదం మీద మోజుపడ్డవాళ్లు ల్యాప్ స్టీల్‌లు విప్పడం మొదలుపెట్టారు. పికప్ ఒకరికి, ట్యూనర్లు ఇంకొకరికి, నాబ్‌లు మరొకరికి అమ్మితే గిటార్ మొత్తానికి రాని డబ్బు వస్తుంది. కొయ్య మూలన పడుతుంది. మన ఊళ్లలో మండువా లోగిలి పడగొట్టి ద్వారబంధాలు అమ్ముకోవడం లాంటిదే ఇదీ.

వెల కట్టేటప్పుడు అందరూ ముందు అడిగేది ఓమ్స్ ఎన్ని అని. అదొక్కటీ నమ్మితే మునిగినట్టే. రాగి నిరోధం వేడికి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం. 20 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపిన కాయిల్ 40 డిగ్రీలకు 10.8 దాకా చూపిస్తుంది. టెక్సస్ ఎండల్లో గరాజ్‌లో కొలిచిన అంకెకు డబ్బులు పోయడమేమిటి?

పైగా తీగ మందం సంగతి ఉంది. రికెన్‌బ్యాకర్ వాళ్ల గుర్రపునాడా పికప్‌ను 38 గేజ్ తీగతో చుట్టారు. చాలా పికప్‌లలో వాడే 42 గేజ్ కంటే అది మందం, అందుకే రీడింగ్ తక్కువ. నీరసపు సరుకనుకుని వదిలేశారో, నష్టం మీదే. స్టీల్ గిటార్‌లో అంత నిండైన నాదం నేను ఇంకెక్కడా వినలేదు. దానికి మీటరు కంటే స్కేలు నయం. అయస్కాంతం వెడల్పు ఒకటిన్నర అంగుళాలుంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది, ఒకటింబావు అయితే తర్వాతది. ముందుదానికే గిరాకీ.

వాల్యూమ్ పాట్ వీపు మీద అంకెలు కూడా చదవాలి. 137తో మొదలైతే తయారీ సీటీఎస్ కంపెనీది, 304 అయితే స్టాక్‌పోల్‌ది. చివరి రెండంకెలు వారం, వాటికి ముందున్నది సంవత్సరం. గిటార్ ఆ తేదీ కంటే పాతదయ్యే వీల్లేదు, మధ్యలో ఎవరో పాట్ మార్చి ఉంటే తప్ప. అందుకే టంకం ఫొటో అడుగుతాను. కొత్త టంకం తళతళమంటుంది, దొరికిపోతుంది.

తెనాలిలో మా మేనమామకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. ఏ మోటారు వచ్చినా "ముందు జాయింటు చూడరా, తీగ తర్వాత" అనేవాడు. ఆ మాట గుర్తొచ్చి పికప్ మీది టేపు విప్పాను. లీడ్ వైరు అతికిన చోట పచ్చగా చిలుము. వెంట్రుకంత సన్నటి తీగ సరిగ్గా అక్కడే పుటుక్కుమంది. రెండు చుట్లు విప్పి, పైపూత గీకి, టంకం పెట్టాను. మీటరు పలికింది. నా అదృష్టం కొద్దీ తెగింది బయటి కొస. లోపలి కొసైతే మొత్తం మళ్లీ చుట్టించాల్సిందే. అలా చుట్టించినవాటికి సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. నేను తగ్గించను. తన గిటార్‌లోనే ఉండి మోగుతున్న రీవైండ్ పికప్, ఒంటరిగా డబ్బాలో పడున్న ఒరిజినల్ కంటే నాకు ఎక్కువ.

ఆ ఊపులోనే అమ్మినాయనకు ఫోన్ చేసి, మిగతా గిటార్ ఏమైందని అడిగాను. "బాడీ ఇక్కడే పడుంది, ఎవరికీ అక్కర్లేదు" అన్నాడు. రవాణా ఖర్చులిస్తే పంపుతాడట. శనివారానికి వస్తుంది. మీరు మాత్రం ఆ ముక్క డబ్బు కట్టకముందే అడగండి.