పెద్ద ఫార్మాట్ కెమెరాలో కూర్పు: వ్యూఫైండర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ఒక ఛాయాచిత్రాన్ని విశ్లేషించమంటే మనం సాధారణంగా దాని అంచుల దగ్గర మొదలుపెడతాం. ఈ చెట్టును చట్రంలోకి ఎందుకు రానిచ్చారు, ఆ మనిషి భుజాన్ని ఎందుకు కోసేశారు అని అడుగుతాం. ఈ ప్రశ్నల వెనక మనం పెద్దగా ఆలోచించని ఒక ఊహ ఉంది. చిత్రం తీసిన వ్యక్తి ఆ అంచులను ముందే చూశాడన్నదే ఆ ఊహ. చేతిలో ఇమిడే నేటి కెమెరాల విషయంలో అది చాలావరకు నిజమే. నాలుగు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల పొడవు, లేదా అంతకంటే పెద్ద ఫిల్మ్ వాడే కెమెరాల విషయానికి వస్తే ఈ ఊహను ఒక్కో చిత్రానికీ విడిగా పరీక్షించుకోవాలి. ఆ పరీక్ష లేకుండా రాసిన విమర్శ ఎంతదాకా దారి తప్పగలదో ఈ భాగంలో చూద్దాం.

స్టాండు మీద నిలబెట్టి వాడే వ్యూ కెమెరాకు వెనకవైపు గరుకు గాజు పలక ఉంటుంది. దీన్నే గ్రౌండ్ గ్లాస్ అంటారు. లెన్స్ నుంచి వచ్చిన బింబం నేరుగా ఈ పలక మీద, తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై పడుతుంది. ఫొటోగ్రాఫర్ నల్ల గుడ్డ కప్పుకుని దాన్ని చూస్తాడు. ఫిల్మ్ ఎక్కడ ఉండబోతుందో సరిగ్గా అక్కడే ఈ గాజు ఉంటుంది కాబట్టి ఇంతకంటే కచ్చితమైన వ్యూఫైండర్ మరొకటి లేదని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అది సరైన మాటే, కాని రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది చిన్నది. ఫిల్మ్ హోల్డర్ అంచుల పట్టీలు ఫిల్మ్‌లో కొన్ని మిల్లీమీటర్లు కప్పేస్తాయి. అందుకే 4×5 ఫిల్మ్ మీద నిజంగా పడే బింబం సుమారు 95×120 మిల్లీమీటర్లు మాత్రమే. రెండోది అసలైనది. హోల్డర్‌ను లోపలికి దూర్చగానే గాజు మీద బింబం కనిపించదు. షట్టర్ తెరుచుకునే క్షణానికి ఫొటోగ్రాఫర్ తన కెమెరా గుండా ఏమీ చూడడం లేదు. అతడు చూసినది అంతకు కొన్ని క్షణాల ముందటి దృశ్యం.

అందువల్ల గ్రౌండ్ గ్లాస్ కచ్చితత్వం కదలని లోకానికి చెందినది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ తీసిన బృంద చిత్రాలను ఈ దృష్టితో చూడండి. వరసల్లో కూర్చున్న మనుషులకూ అంచులకూ మధ్య ఉన్న ఎడం కొలిచి పెట్టినట్టు ఉంటుంది. ఆ పొందిక గాజు పలక ఒక్కటే ఇచ్చినది కాదు. కదలకుండా కూర్చోమంటే కూర్చున్న మనుషులు కూడా ఇచ్చినది. ఆ చిత్రాల్లోని నిశ్చలతను దర్బారీ గాంభీర్యంగా మాత్రమే వర్ణించే వ్యాసాలు పరికరం పాలును మరిచిపోతాయి.

ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అమెరికాలోని న్యూ మెక్సికోలో తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' చిత్రం ఇందుకు కొంత భిన్నం. 8×10 కెమెరా, ఎఫ్ 32 రంధ్రం, ఒక సెకను ఎక్స్‌పోజర్. కాంతిమాపకం దొరకలేదు. చంద్రుడి ప్రకాశం ఎంతో ముందే తెలుసు కనుక లెక్క కట్టి తీశాడు. రెండో ఫిల్మ్ సిద్ధం చేసేలోపే సమాధి శిలువల మీది ఎండ పోయింది. ఇక్కడ అంచులను గాజు చూపింది. కాని ఆ నల్లటి ఆకాశం గాజు మీద లేదు. అది ఆ తరువాత దశాబ్దాల పాటు చీకటిగదిలో ముదురుతూ వచ్చింది.

ఇప్పుడు మరో పరికరం. డొరొథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర 'మైగ్రంట్ మదర్' చిత్రాన్ని గ్రాఫ్లెక్స్ కెమెరాతో తీసింది. ఇందులో అద్దం ఒకటి లెన్స్ బింబాన్ని పైనున్న గాజు మీదికి మళ్లిస్తుంది. బింబం నిటారుగానే ఉంటుంది, కుడి ఎడమలు మాత్రం మారతాయి. చూసే లెన్స్, తీసే లెన్స్ ఒకటే. షట్టర్ పడే ముందు వరకు చూస్తూనే ఉండవచ్చు. అయినా ఆ చిత్రం కుడి దిగువ మూలలో, గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి వచ్చింది. తరువాత లాంగ్ దాన్ని చెరిపించింది. వ్యూఫైండర్ ఆ వేలిని దాచలేదు. తల్లి ముఖం మీద, మీదికి ఒరిగిన పిల్లల మెడల మీద నిలిచిన చూపు మూల దాకా వెళ్లలేదని నా అభిప్రాయం. చెరపడం పొరపాటని కూడా నా అభిప్రాయమే. ఆ వేలు ఆమె దేన్నో ఆసరాగా పట్టుకుని ఉందని చెబుతుంది.

అసలు చిక్కు ప్రెస్ కెమెరాలతో వస్తుంది. స్పీడ్ గ్రాఫిక్‌కు గాజు పలకతో పాటు తీగ చట్రం కూడా ఉండేది. ముందు లెన్స్ పక్కన తీగతో చేసిన దీర్ఘచతురస్రం, వెనక కన్ను ఆనించే చిన్న రంధ్రం. చూడడానికి మొరటుగా ఉన్నా దీని జ్యామితి చక్కనిది. చట్రం బింబమంత పెద్దది, లెన్స్ ఉన్నచోటే ఉంటుంది. రంధ్రం ఫిల్మ్ ఉన్న తలంలో ఉంటుంది. అందుకని రెండూ దాదాపు ఒకే కోణాన్ని చూస్తాయి. తేడా ఎక్కడంటే కన్ను లెన్స్ కంటే పైన ఉండడం. ఆ ఎత్తు 10 సెంటీమీటర్లు, లెన్స్ 135 మిల్లీమీటర్లు అనుకుందాం. 20 మీటర్ల దూరంలో చిత్రం ఎత్తు దాదాపు 14 మీటర్లు కాబట్టి 10 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. 2 మీటర్ల దూరంలో చిత్రం ఎత్తు 1.3 మీటర్లే. అప్పుడు ఎనిమిది శాతం దాకా తప్పుతుంది, అంటే ఒక మనిషి జుట్టో నుదురో పోతుంది. దీన్నే పారలాక్స్ దోషం అంటారు. దూరాన్ని బట్టి రంధ్రాన్ని పైకి కిందికి జరిపి దీన్ని సవరించవచ్చు. గొడవలో పరుగెత్తే విలేకరికి అంత తీరిక ఎక్కడిది?

1945 ఫిబ్రవరి 23న ఐవో జిమా దీవిలోని సురిబాచి కొండ మీద జో రోజెంథాల్ ఆ తీగ చట్రాన్ని కూడా చూడలేదు. పొట్టివాడు కావడంతో రాళ్లూ ఇసుక బస్తాలూ పేర్చుకుని వాటిపై నిలబడ్డాడు. జెండా లేస్తుండడం గమనించి కెమెరాను అటు తిప్పి నొక్కాడు, అంతే. ఫిల్మ్ గువామ్‌కు వెళ్లింది. అతడు చూడకముందే చిత్రం ప్రపంచమంతా చూసింది. నెగెటివ్ అడ్డంగా ఉంది, రెండు పక్కలా ఖాళీ ఆకాశం ఉంది. పత్రికలకు వెళ్లినది నిలువుగా కత్తిరించిన రూపం. కుడి దిగువ నుంచి ఎడమ పైకి ఏటవాలుగా సాగే జెండాకర్ర, దాని కింద ముడిపడిన ఆరుగురి దేహాలు మనకు గుర్తున్నది ఆ కత్తిరించిన రూపంలోనే.

ఆ కూర్పు ఎంత పొందికగా ఉందంటే, అదే దానికి శత్రువైంది. ఇంత చక్కగా కుదరడం యాదృచ్ఛికం కాదని, సైనికులను నిలబెట్టి తీశారని ఆరోపణ వచ్చింది. అదే చోట సైనికులను జెండా కింద నిలబెట్టి తీసిన మరో చిత్రం రోజెంథాల్ దగ్గర ఉంది. చిత్రాన్ని పోజు పెట్టించి తీశారా అని ఎవరో అడిగితే ఆ రెండో చిత్రం గురించి అనుకుని అవునన్నాడు. ఆ ఒక్క మాట అతడిని జీవితాంతం వెంటాడింది. పక్కనే నిలబడి కదిలే చిత్రం తీసిన బిల్ జెనాస్ట్ ఫిల్మ్‌లో జెండా లేవడం ఒకే ఊపులో జరిగినట్టు స్పష్టంగా ఉంది. జెనాస్ట్ మాత్రం ఆ దీవి నుంచి తిరిగి రాలేదు.

ఇక్కడ విమర్శకుల బాధ్యత ఏమిటి? ఆ త్రిభుజాకార కూర్పును కళాకారుడి నిర్ణయంగా వర్ణించే వ్యాసాలు మీకు చాలా కనిపిస్తాయి. అభినందనగా రాసినా అవి తెలియకుండా ఆ ఆరోపణకే బలమిస్తాయి. అంచులన్నీ నిర్ణయాలే అయితే పోజు పెట్టించాడనడం పెద్ద దూరం కాదు. అలాగని ఇది కేవలం అదృష్టమని తోసేయడమూ సరికాదు. ఎక్కడ నిలబడాలి, ఎంత ఎత్తు నుంచి, ఏ వెలుగులో అన్నవి అతడు ముందే తేల్చుకున్నాడు. అంచులు మాత్రం తేల్చుకోలేదు. వాటిని పెద్ద నెగెటివ్‌లోని మిగులు స్థలం, కత్తెర పట్టిన ఎడిటర్ కలిసి తేల్చారు. కాబట్టి నిలుచున్న చోటు గురించి రాసేటప్పుడు రోజెంథాల్ పేరు రాయండి. అంచుల గురించి రాసేటప్పుడు ఆ పేరు వెంటనే రాయకండి.

అభ్యాసం: ఈ చిత్రం పూర్తి నెగెటివ్ ముద్రణను, పత్రికల్లో వచ్చిన కత్తిరించిన రూపాన్ని పక్కపక్కన పెట్టుకోండి. పూర్తి చిత్రం మీద రెండు తెల్ల కాగితపు పట్టీలను ఇరువైపుల నుంచి కొద్దికొద్దిగా జరుపుతూ రండి. జెండాకర్ర వాలు ఎక్కడ బలం పుంజుకుంటుందో అక్కడ ఆపి గీత గీయండి. మీ గీతకూ ఎడిటర్ గీతకూ ఉన్న తేడాను మిల్లీమీటర్లలో కొలిచి, కారణాన్ని ఒక పేజీలో రాయండి.