భయాన్ని ఎక్కడ ఆపాలి

హిందీ సీరియల్ శక్తిమాన్ దూరదర్శన్‌లో 1997 నుంచి 2005 దాకా నడిచింది. చీకటే శాశ్వతమని గర్జించే తమ్‌రాజ్ కిల్విష్‌గా సురేంద్ర పాల్ గొంతు వినపడగానే మా ఈపూరులో హిందీ ముక్క రాని పిల్లలు కూడా పెద్దవాళ్ల వీపుల వెనక్కి జరిగేవాళ్లు. మిరపకాయ కోతల రోజుల్లో సైతం టీవీ ఉన్నవాళ్ల వసారా నిండిపోయేది. సరిగ్గా కిల్విష్ చేతికి ఎవరో చిక్కిన క్షణాన కరెంటు పోయిందా, ఆ రాత్రి పిల్లలు దొడ్లోకి ఒంటరిగా వెళ్లమనేవాళ్లు. శక్తిమాన్ వచ్చి గెలిచేదాకా చూసిన రోజున మాత్రం అదే పిల్లలు కిల్విష్ గొంతు అనుకరిస్తూ వీధిలో పరుగులు పెట్టేవాళ్లు.

పిల్లలకు నిజంగా చేటు తెచ్చింది కిల్విష్ కాదని నా నమ్మకం. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని కొందరు పిల్లలు ఎత్తుల మీంచి దూకారనీ, ఒంటికి నిప్పంటించుకున్నారనీ అప్పట్లో పత్రికల్లో వార్తలొచ్చాయి. నన్ను అనుకరించొద్దని శక్తిమాన్ వేషం వేసిన ముఖేష్ ఖన్నాయే తెర మీద పిల్లలకు చెప్పాల్సొచ్చింది. భయపడ్డ పిల్లాడు గోడ దిగి వస్తాడు. ఎవరో పట్టుకుంటారన్న ధీమా ఉన్నవాడే దూకుతాడు.

బీబీసీ వాళ్ల సైన్స్ సీరియల్ డాక్టర్ హూకీ ఇలాంటి గొడవ వచ్చింది. 1976లో ‘ది డెడ్లీ అసాసిన్’ కథ మూడో భాగం చివర డాక్టర్ తలను నీళ్లలో అదిమిపెట్టి, ఆ బొమ్మ మీదే ఆపేశారు. తరువాయి భాగం మళ్లీ వారానికి. అన్నాళ్లూ పిల్లల కళ్లముందు ఆ మునిగిన ముఖమే ఉంటుందని, టీవీ కార్యక్రమాల మీద ఉద్యమం నడిపిన మేరీ వైట్‌హౌస్ అభ్యంతరం చెప్పింది. బీబీసీ క్షమాపణ చెప్పి, మాస్టర్ టేపులో ఆ ముక్క కత్తిరించింది. టీవీ మీద ఆవిడ చేసిన ఫిర్యాదులన్నీ నేను ఒప్పుకోను. ఇక్కడ మాత్రం ఆవిడ చెయ్యి పడాల్సిన చోటే పడింది.

మా పల్నాడులో నెత్తుటి కథలకు కొదవా? కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. వీరవిద్యావంతులు పాడే పల్నాటి యుద్ధం కథలో కుర్ర వీరుడు బాలచంద్రుడు నేలకొరుగుతాడు. చంకలో పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వింటారు. ఎవరూ ఆ ఘట్టం తీసెయ్యమనరు. కథ పూర్తయ్యేదాకా పక్కన మనుషులుంటారు, అయిపోయాక ఏడ్చిన పిల్లాణ్ణి ఎత్తుకునే భుజం ఉంటుంది.

సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ టీవీలో వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ చూసేది అందుకేనేమో. రాత్రివేళ మ్యూజియంలో చిక్కుకుపోయిన పిల్లాడు వజ్రాల దొంగల్ని చూస్తాడు. 2504లో మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. రెండూ భయపెట్టేవే. అయినా టైమ్ మెషిన్ మనల్ని ఏ కాలంలోనూ వదిలెయ్యదు, అదే రాత్రి ఇంటికి చేరుస్తుంది.

ఇప్పుడు పిల్లలు ఫోన్లో దుప్పటి కింద ఒక్కళ్లే చూస్తున్నారు. ఒక భాగం ప్రాణాపాయంలో ఆగగానే తరవాతిది దానంతటదే మొదలవుతుంది. అది మళ్లీ మరో ప్రాణాపాయంలో ఆగుతుంది. పిల్లల కోసం సైన్స్ కథలు రాసేవాళ్లను రాక్షసుణ్ణి తగ్గించమని నేను అడగను. ఆ భాగంలో పుట్టించిన భయాన్ని ఆ భాగంలోనే తీర్చెయ్యమంటాను. అమ్మానాన్నల్ని అడిగేది, ఆ ఇరవై నిమిషాలూ పక్కన కూర్చోమని.