ఆకరాన్ని దేనికి నమ్మాలి?

భివండి మరమగ్గాల నడుమ పెరిగిన తెలుగు విద్యార్థి తనవారి వృత్తిపదాలపై వ్యాసం రాయబూనితే మొదట తెరిచేది అంతర్జాలాన్నే. పెద్ద తెలుగు గ్రంథాలయాలకు దూరంగా ఉన్నవారికి అది తప్పదు. అయితే ఒక ఆకరాన్ని నమ్మవచ్చునా అని కాక, ఏ విషయంలో నమ్మవచ్చునని అడగడమే సరైన పద్ధతి అని మా అభిప్రాయం.

"సాంచా" అన్న మాటనే తీసుకుందాం. సిరిసిల్ల నేతవారు మరమగ్గాన్ని ఇలా పిలుస్తారు. ఇటువంటి మాటల కోసం బ్రౌన్ నిఘంటువును చూసి "బ్రౌన్, 1852" అని ఉదాహరించడం పరిపాటి. షికాగో విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉంచిన పాఠం 1903 నాటి రెండవ కూర్పు. బ్రౌన్ 1884లోనే మరణించాడు. ఆ కూర్పును సవరించినవారిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. కాబట్టి అందులోని ప్రతి అర్థాన్నీ 1852కు అంటగట్టరాదు. మరమగ్గపు మాట అందులో లేనంత మాత్రాన అది తెలుగువారి మాట కాదని తేల్చనూరాదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం చేనేత సంపుటం పడుగు, పేక, కండె వంటి మాటలకు గట్టి ఆకరం. కాని దాని విషయం చేనేత. భివండి కార్ఖానా కాదు.

పాత పుస్తకాల విషయంలో మరొక చిక్కు ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. వాటి పట్టికలో పేర్ల వర్ణక్రమం, ప్రచురణ సంవత్సరం తరచు తప్పుగా ఉంటాయి. ముఖపత్రం చూడకుండా సంవత్సరం రాయరాదు. వెదికేటప్పుడు భివండి, భీవండి, భీమండి అన్న రూపాలన్నీ ప్రయత్నించాలి.

అంకెలకూ ఇదే జాగ్రత్త అవసరం. 2011 జనాభా లెక్కల మాతృభాషా పట్టికలో ఠాణే జిల్లా అంటే, 2014లో విడిపోయిన పాల్‌ఘర్ కూడా కలిసినది. ఆ అంకెను నేటి ఠాణేకు చెప్పడం పొరపాటు. భివండికే చెప్పడం మరింత పొరపాటు.

ఇంతా వెదికాక మిగిలే ఖాళీని చూసి విద్యార్థి నిరాశపడనక్కరలేదు. ఆ ఖాళీయే అతని పరిశోధనకు చోటు. పద్మనగర్‌లో సాంచా నడిపిన పెద్దల నోటి మాట ఏ తెరమీదా దొరకకపోవచ్చు. ఆ మాటను, చెప్పినవారి వయస్సు, స్వగ్రామం, వలస వచ్చిన సంవత్సరం, విన్న తేదీతో సహా, వారి అనుమతితో రాసుకోవాలి. ఈ వివరాలుంటే అది రేపటివారికి ఆకరమవుతుంది. లేకుంటే విన్న కబురుగానే మిగులుతుంది. ఇతరుల ఆకరాలను మనం ఏ ప్రశ్నలు అడుగుతామో, మన రాతనూ అవే ప్రశ్నలు అడగాలి.