వెలుతురు ఎవరి చేతిలో ఉంది?

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36×24 మి.మీ. ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరుస కెమెరాల్లో వచ్చే మీడియం ఫార్మాట్ సెన్సర్ కొలత దాదాపు 44×33. వైశాల్యం కడితే మొదటిది 864 చదరపు మి.మీ., రెండోది 1441. అంటే 1.67 రెట్లు. చిన్న ఏపీఎస్-సీ సెన్సర్ నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కి మారినవాళ్ళకి దక్కిన తేడా ఇంతకన్నా పెద్దది, 2.3 రెట్ల పైమాటే. అప్పుడు కనబడ్డ మార్పే ఇప్పుడు ఇంకా ఎక్కువగా కనబడుతుందని ఆశపడి వాయిదాల మీద కొనబోయేవాళ్ళు ముందుగా ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకోవడం మంచిది.

మరి మీడియం ఫార్మాట్‌కి ఇంత పేరెలా వచ్చింది? అది ఫిల్మ్ రోజుల నాటి సంపాదన. కొడాక్ 1901లో తెచ్చిన 120 రోల్ మీద 6×6 అని మనం పిలిచే ఫ్రేమ్ అసలు కొలత 56×56 మి.మీ. 35 ఎం.ఎం. ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా మూడున్నర రెట్ల పైన. 6×7 అయితే నాలుగున్నర రెట్లు. అదే ఫిల్మ్, అదే డెవలపర్, అదే ఎన్‌లార్జర్. గోడకి తగిలించేంత ప్రింటు తీస్తే చిన్న నెగెటివ్‌లో గ్రెయిన్ పైకి తేలేది, పెద్దదాంట్లో చెంప నునుపు చెంపలాగే ఉండేది. ఎవరూ వివరించక్కర్లేదు, కంటికే తెలిసిపోయేది. మన ఊళ్ళ స్టూడియోల్లో యాషికా మ్యాట్, రోలీఫ్లెక్స్ లాంటి రెండు లెన్సుల కెమెరాలు అన్నేళ్ళు నిలబడ్డది అందుకే. రోలుకి 12 ఫోటోలే వచ్చినా స్టూడియోవాళ్ళు వాటిని వదల్లేదు.

ఇక్కడో పిట్టకథ. మన దేశంలో తయారై చవగ్గా దొరికిన ఆగ్ఫా క్లిక్ 3 కూడా 120 రోల్ మీద 6×6 ఫోటోలే తీసేది. అమ్మానాన్నలు పెళ్ళైన కొత్తలో తీయించుకున్న చదరపు ఫోటోలు ఇంట్లో ఉంటే, వాటిలో కొన్నైనా మీడియం ఫార్మాట్ ఫోటోలే అయ్యుంటాయి. కాని దాని లెన్సు చాలా మామూలుది. అంచులు మసకబారేవి. ఫిల్మ్ పెద్దదైనంత మాత్రాన బొమ్మ బాగుపడదని ఆ డబ్బా కెమెరా అప్పుడే చూపించింది. ఇవాళ ఫార్మాట్ గురించి వాదించుకునేటప్పుడు లెన్సు మాట ఎత్తకపోతే ఆ వాదన సగమే.

చిన్న ఫ్రేమ్ కథ వేరు. జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ 1913 ప్రాంతంలో సినిమా ఫిల్మ్‌ని అడ్డంగా నడిపించి, 18×24 సినిమా ఫ్రేమ్‌ని రెట్టింపు చేసి 24×36 చేశాడు. ఆ కెమెరా 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. నాణ్యత కొంత వదులుకుని, జేబులో పెట్టుకుని తిరగగలిగే స్వేచ్ఛని కొనుక్కున్న ఒప్పందం అది. ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెసో లాంటివాళ్ళు ఆ స్వేచ్ఛతోనే వీధిని పట్టుకున్నారు. ఇవాళ ఫుల్‌ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునే కొలత పుట్టింది రాజీలోంచి.

రెండు ఫార్మాట్లూ రెండు పనితీరుల్ని పెంచాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డయాన్ ఆర్బస్ 1962 ప్రాంతంలో 35 ఎం.ఎం. వదిలి రోలీఫ్లెక్స్‌కి మారింది. కెమెరా నడుము దగ్గరికి దిగింది. తల వంచి గ్రౌండ్ గ్లాసులోకి చూడాలి, అందులో బొమ్మ కుడిఎడమలు తారుమారై కనబడుతుంది, కదలిక నెమ్మదిస్తుంది. కాని ఎదుటి మనిషికి ఫోటోగ్రాఫర్ ముఖం కెమెరా చాటున దాక్కోదు. ఆర్బస్ పోర్ట్రెయిట్లలో మనుషులు సూటిగా మన కళ్ళలోకి చూడడం వెనక ఆ మార్పు పాత్ర తక్కువేం కాదు. మన దేశంలో దయానితా సింగ్ ఏళ్ళ తరబడి హాసెల్‌బ్లాడ్ చదరపు ఫ్రేమ్‌లో పనిచేసింది. 2022లో హాసెల్‌బ్లాడ్ పురస్కారం అందుకుంది. ఇలాంటివాళ్ళ బొమ్మల్ని చూసి ‘మీడియం ఫార్మాట్ లుక్’ అని మెచ్చుకునేవాళ్ళు, అందులో ఫిల్మ్ కొలత ఎంత, నిదానం ఎంత అని విడదీసి చూడరు. ఇప్పటి జీఎఫ్‌ఎక్స్ బాడీల్లో ఎక్కువ భాగం కంటికి ఆనించి, ఫోకస్ దానికదే పట్టుకుంటుంటే టపటపా తీసేవే. ఆ నిదానం కెమెరాతో పాటు డబ్బాలో రాదు. నడుము దగ్గర పట్టుకుని తీసే పద్ధతే ముఖ్యమనుకునేవాళ్ళకి హాసెల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ డిజిటల్ బ్యాక్ ఉంది. అది 1957 నుంచి వచ్చిన పాత 500 శ్రేణి బాడీలకి కూడా తగులుతుంది. పరంపర మీద ప్రేమ ఉన్నవాళ్ళు చూడాల్సింది దాన్ని.

ఇక సెన్సర్ లోపలికి వెళ్దాం. 61 మెగాపిక్సెళ్ళ సోనీ ఏ7ఆర్ 4లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు. 102 మెగాపిక్సెళ్ళ జీఎఫ్‌ఎక్స్ 100లో? అదీ 3.76. అంతకన్నా పెద్దదైన 53.4×40 మి.మీ. సెన్సర్ ఉన్న ఫేజ్ వన్ 150 మెగాపిక్సెళ్ళ బ్యాక్‌లో? మళ్ళీ 3.76 మైక్రాన్లే. ఒకే తానులోంచి జాకెట్టు ముక్కా చీరా కత్తిరించినట్టు. పెద్ద సెన్సర్‌లో పిక్సెళ్ళు పెద్దవి, అందుకే చీకట్లో బాగా చూస్తుంది అని షాపులో చెబితే ఈ అంకె గుర్తు చేయండి. పిక్సెల్ స్థాయిలో రెండూ ఒకటే. లాభమల్లా, ఒకే సైజు ప్రింటుకి పెద్దదాన్ని తక్కువ సాగదీస్తే సరిపోవడంలో ఉంది.

ఆ లాభం కూడా ఊరికే రాదు. పెద్ద సెన్సర్‌కి ఎక్కువ వెలుతురు అందించినప్పుడే వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 85 మి.మీ. లెన్సుతో ఎఫ్/8 దగ్గర ఒక కుటుంబం ఫోటో తీశామనుకుందాం. అదే దృశ్యం జీఎఫ్‌ఎక్స్‌లో రావాలంటే 110 మి.మీ. లెన్సు కావాలి. ముందువరసా వెనకవరసా అంతే షార్ప్‌గా రావాలంటే దాన్ని ఎఫ్/10కి మూయాలి. ఇప్పుడు రెండు లెన్సుల్లోనూ రంధ్రం వ్యాసం దాదాపు 11 మి.మీ. షట్టర్ వేగం మార్చకపోతే లోపలికి పోయే వెలుతురు మొత్తం సమానం, కాబట్టి నాయిస్ కూడా సమానం. జీఎఫ్‌ఎక్స్‌లో ఐఎస్‌ఓ పెంచాల్సి వస్తుంది, పెద్ద సెన్సర్ ఇచ్చిన మిగులు కాస్తా అక్కడికక్కడే ఖర్చైపోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ సంగతీ అంతే. జీఎఫ్‌ఎక్స్‌లో అందరూ మెచ్చే 110 మి.మీ. ఎఫ్/2 లెన్సు రంధ్రం పూర్తిగా తెరిస్తే 55 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్‌లో దొరికే 85 మి.మీ. ఎఫ్/1.2 లెన్సుది 71 మి.మీ. వెనకనున్నదాన్ని ఎక్కువ కరిగించేది రెండోదే. బ్లర్ కోసం మీడియం ఫార్మాట్ కొంటున్నామని ఎవరైనా అంటే, ఆ డబ్బుతో ఒక మంచి ఫుల్‌ఫ్రేమ్ లెన్సు కొనుక్కోమనడమే న్యాయం.

అయితే మీడియం ఫార్మాట్ తన విలువ ఎక్కడ చూపిస్తుంది? వెలుతురు మన చేతిలో ఉన్నచోట. ట్రైపాడ్ మీద, కదలని వస్తువు ముందు, ఐఎస్‌ఓ 100 దగ్గర, సెన్సర్ నిండేదాకా వెలుతురు పోయగలిగితే చిన్న సెన్సర్ పట్టలేనంత అందులో పడుతుంది. నీడల్లోంచి వివరాలు లాగినా మురికి రాదు. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ చిత్రాన్ని పరిరక్షణ కోసం ఫోటో తీసినప్పుడు అక్కడివాళ్ళు 100 మెగాపిక్సెళ్ళ హాసెల్‌బ్లాడ్ హెచ్6డీ వాడారు. ఒక్కో షాటులో పట్టింది చిత్రంలో 5.5×4.1 సెం.మీ. ముక్కే. అలాంటివి 8,439 తీసి కుట్టారు. 2022లో విడుదలైన ఆ బొమ్మలో 717 వందల కోట్ల పిక్సెళ్ళున్నాయి, పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య దూరం 5 మైక్రాన్లు. రంగు రేణువు స్థాయిలో చూడొచ్చు. ఈ పని తక్కువ పిక్సెళ్ళ కెమెరాతో అసాధ్యమని కాదు, ముక్కలు ఇంకా చాలా పెరుగుతాయి. ప్రతి అతుకూ ఒక శ్రమ.

మన దగ్గర ఇదే జాతి పని నగల కేటలాగ్, పట్టుచీరల కేటలాగ్. జరీ మీద మెరుపు కాలిపోకూడదు, ముదురు అంచులో నేత మునిగిపోకూడదు. చీర కదలదు, లైట్లు మనవి. మీడియం ఫార్మాట్ ఇక్కడ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. ఒక్క జాగ్రత్త: సన్నటి నేత మీద లేని గీతలు, ఇంద్రధనుస్సు రంగులు పుట్టుకొచ్చే మోయిరే బెడద పిక్సెల్ సైజు ఒకటే కాబట్టి రెండింట్లోనూ ఉంటుంది. చీరని కాస్త దూరం జరపడమో కోణం మార్చడమో తప్ప ఖరీదైన బాడీ దానికి మందు కాదు.

మండుటెండలో ఫ్లాష్‌తో పోర్ట్రెయిట్లు తీసేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. మీడియం ఫార్మాట్ అంటే లీఫ్ షట్టర్ అనీ, ఎంత వేగానికైనా ఫ్లాష్ పలుకుతుందనీ ఒక నమ్మకం ఉంది. హాసెల్‌బ్లాడ్ ఎక్స్ లెన్సుల్లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కనక 1/2000 సెకను దాకా ఫ్లాష్ పూర్తిగా పడుతుంది, ఆకాశాన్ని ముదురు నీలం చేయొచ్చు. లెన్సులు మార్చుకునే జీఎఫ్‌ఎక్స్ బాడీలది మాత్రం తెర షట్టర్. దాని పరిమితి 1/125. సాధారణ ఫుల్‌ఫ్రేమ్ ఇచ్చే 1/200, 1/250 కన్నా తక్కువ. మరోపక్క సోనీ ఏ9 3 అనే 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ గ్లోబల్ షట్టర్‌తో వచ్చి 1/80,000 దాకా ఫ్లాష్‌ని ఒప్పుకుంటోంది. ఫార్మాట్ పేరు చూసి షట్టర్‌ని ఊహించుకునే రోజులు పోయాయి.

వెలుతురు మన చేతిలో ఉండే పనికి తెలుగు పెళ్ళి పూర్తిగా ఎదురు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే, తలంబ్రాల దగ్గర ఎవరూ ఆగరు, అర్ధరాత్రి ముహూర్తానికి మండపం మీద ఎల్‌ఈడీ లైట్లు. మీడియం ఫార్మాట్ సెన్సర్‌ని వరుసవరుసగా చదవడానికి పట్టే సమయం ఎక్కువ, కాబట్టి సైలెంట్ షట్టర్ పెడితే ఆ లైట్ల కింద ఫోటో నిండా చారలు. ఆటోఫోకస్ బాగుపడింది గాని, వేగంలో నికాన్ జెడ్9 లాంటివాటి సరసన నిలబెట్టలేం. ఫైళ్ళ బరువు సరేసరి. 102 మెగాపిక్సెళ్ళ ఫోటోని 16 బిట్లలో, కుదించకుండా దాచితే 200 ఎంబీ దాటుతుంది. నాలుగు వేల షాట్లు తీసే పెళ్ళికి 800 జీబీ. రెండో కాపీ లేకుండా ఎవరూ నిద్రపోలేరు కదా, రెట్టింపు చేసుకోండి. చివరికి ఇదంతా చేరేది 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్‌లోకి. ఒక్కో షీటులో నాలుగైదు ఫోటోలు. షీటంతా ఒకే ఫోటో పరిచినా 24 మెగాపిక్సెళ్ళ ఫైలు అంగుళానికి 167 చుక్కలిస్తుంది, ఒళ్ళో పెట్టుకుని చూసేవాళ్ళకి లోటేమీ కనబడదు. హాలు ముందు కట్టే ఫ్లెక్సీకైతే అందులో సగం చుక్కలు కూడా అక్కర్లేదు.

ఆకారం గురించి తక్కువమంది మాట్లాడతారు గాని, నా దృష్టిలో మెగాపిక్సెళ్ళ కన్నా అదే ముఖ్యం. ఫుల్‌ఫ్రేమ్ 3:2, జీఎఫ్‌ఎక్స్, ఎక్స్ కెమెరాలు 4:3. పొట్టిగా, నిలువు పోర్ట్రెయిట్‌కి, పత్రిక పేజీకి దగ్గరగా ఉండే ఆకారం. మనం ఇచ్చే బొమ్మలు 4:3 గానో చదరంగానో ఉండేవైతే ఫుల్‌ఫ్రేమ్ పక్కలు కత్తిరించి పారేయాలి, అప్పుడు అసలు తేడా 1.88 రెట్లకి పెరుగుతుంది. 3:2 గానో, ఆల్బమ్ షీటులా ఇంకా పొడవుగానో ఉండేవైతే మీడియం ఫార్మాట్ పైనా కిందా కోయాలి. తేడా 1.48కి పడిపోతుంది. ఒకే కెమెరాల జత, పనిని బట్టి రెండు వేరు బేరాలు. ఇక, చర్మం రంగు మీడియం ఫార్మాట్‌లో దేవుడిచ్చినట్టు వస్తుందనే మాట మీద నాకు పెద్ద గురి లేదు. రంగు చాలావరకు కంపెనీ సాఫ్ట్‌వేరూ, ఎడిటింగూ తేల్చే విషయం.

విడుదల ధరలు దిగుతూ వచ్చాయి. అమెరికాలో చూస్తే 2019లో జీఎఫ్‌ఎక్స్ 100 దాదాపు 10 వేల డాలర్లు, 2021లో 100ఎస్ 6 వేలు, 2024లో 100ఎస్ 2 అయిదు వేలు. బాడీ ధర చూసి మురిసిపోయి లెన్సుల జాబితా మర్చిపోకూడదు. ఫుల్‌ఫ్రేమ్‌కి సెకండ్‌హ్యాండ్‌లో, వేరే కంపెనీలవి, దొరికేన్ని లెన్సులు ఇటుపక్క దొరకవు. రిపేరుకిస్తే ఈలోగా వాడుకోవడానికి బదులు బాడీ ఎవరిస్తారో కూడా ముందే కనుక్కోవాలి.

తేల్చుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఇది. లైట్‌రూమ్‌లో గతేడాది కస్టమర్‌కి ఇచ్చిన ఫోటోలన్నీ తెరిచి, మెటాడేటా ఫిల్టర్‌లో ఐఎస్‌ఓ వరస చూడండి. ఎక్కువ భాగం 1600 పైన ఉంటే ఆ డబ్బు లెన్సులకీ లైట్లకీ పెట్టడమే మేలు. 100కీ 400కీ మధ్య, ట్రైపాడ్ మీద తీసినవే ఎక్కువైతే ఒక రోజుకి మీడియం ఫార్మాట్ అద్దెకి తెచ్చి, మీ ఫుల్‌ఫ్రేమ్‌తో పాటు ఒకే చీరని ఒకే లైటింగ్‌లో తీయండి. ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్/8 అయితే దాన్ని ఎఫ్/10కి పెట్టండి, తక్కువైన వెలుతురుని ఐఎస్‌ఓతో కాక ఫ్లాష్ పవర్‌తో పూడ్చండి. రెండు ఫైళ్ళూ ఒకే ఆకారానికి కత్తిరించి, ఒకే ల్యాబ్‌లో, ఒకే కాగితం మీద, కస్టమర్లు నిజంగా అడిగే సైజులో ప్రింటు తీయించండి. ఏది దేనిదో వెనక రాసే పని ల్యాబ్ కుర్రాడికి అప్పజెప్పి, మీరూ మీ ఎడిటరూ విడివిడిగా చూడండి.