కళ్లు మూతపడే ఆ రెండు నిమిషాలు

బైపాస్ అనగానే బంధువులు అడిగేది సర్జన్ పేరు. మత్తు డాక్టరు ఎవరని అడిగేవాళ్లు అరుదు. కత్తి పడకముందే, రోగి కళ్లు మూతపడే ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఒక గండం ఉంది. గుండె కండరానికి రక్తం ముఖ్యంగా అందేది గుండె సడలినప్పుడు. మత్తు ఎక్కేటప్పుడు బీపీ పడిపోయినా, గుండె వేగం పెరిగి ఆ సడలే సమయం తగ్గినా పూడుకుపోయిన నాళాలు తట్టుకోలేవు.

అందుకే ఏ మందుతో నిద్రపుచ్చాలన్న దగ్గర ఇంత తర్జనభర్జన.

ప్రొపొఫాల్‌ను సోయానూనె, గుడ్డు లెసిథిన్‌తో కలిపి చేస్తారు. చూడ్డానికి పాలలా ఉంటుంది. దాన్ని కనిపెట్టిన జాన్ గ్లెన్ పశువైద్యుడు. 2018లో లాస్కర్ వైద్య పరిశోధన అవార్డు అందుకున్నారు. ఈ మందుతో నిద్ర హాయిగా పడుతుంది గానీ రక్తనాళాలు వదులై బీపీ దిగుతుంది. ఎటోమిడేట్ కిలోకు 0.2 నుంచి 0.3 మిల్లీగ్రాములు ఇస్తే బీపీ పెద్దగా కదలదు. పంపింగ్ 30 శాతానికి పడిపోయిన గుండెకు ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అది అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ హార్మోన్ తయారీని అడ్డుకుంటుంది. ఐసీయూలో దీన్ని రోజుల తరబడి ఎక్కించినచోట మరణాలు పెరిగాయని 1983లో లాన్సెట్‌లో లేఖ వచ్చాక ఆ వాడకం ఆగింది. ఒక్క డోసు వల్ల నిజంగా నష్టముందా అన్న వాదన నేటికీ తెగలేదు. కెటమిన్ సంగతి చెప్పాలంటే, బీపీని నిలబెడుతుంది, గుండెనూ పరుగెత్తిస్తుంది. అందుకే బైపాస్‌లో ఒంటరిగా వాడేది తక్కువే.

నిజానికి మందు పేరు కన్నా ఇచ్చే చెయ్యి ముఖ్యం. బలహీనమైన గుండెలో రక్తం నెమ్మదిగా తిరుగుతుంది, మందు మెదడుకు చేరడానికీ ఆలస్యమవుతుంది. కొత్తగా చేరినవాళ్లు ‘ఇంకా నిద్రపోలేదే’ అని సిరంజి మరికాస్త నొక్కుతారు. కాసేపటికి రెండు మోతాదులూ ఒక్కసారే పనిచేసి, 130 ఉన్న బీపీ 70కి జారుతుంది. అనుభవజ్ఞులు ముందే మణికట్టు ధమనిలో లైను వేసి, నొప్పి తెలియనివ్వని ఫెంటానిల్ ఇచ్చి, మానిటర్ మీద కన్నుంచి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. బీపీ లేపే మందు పక్కనే సిద్ధంగా ఉంటుంది.

రోగి చేయగలిగిందీ ఒకటుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు వేసుకుని వస్తే మత్తు ఇచ్చాక బీపీ మరింత పడొచ్చు. స్టెరాయిడ్లు వాడినా డాక్టరుకు తెలియాలి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు మందుల చీటీలన్నీ ఆయన చేతిలో పెట్టండి. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో వేయించుకున్న సూదుల సంగతీ దాచకండి, అవి స్టెరాయిడ్లే కావొచ్చు.