సగం కుర్చీల హోటళ్లు

హోటల్ ఎంచుకోవడం కూడా ఒక రకం విమర్శేనని నా అభిప్రాయం. ఊళ్ళోవాళ్ళ విమర్శ ఒకలా ఉంటుంది, ఊరు చూడవచ్చినవాళ్ళది ఇంకొకలా. 2020 జూన్ 8న, లాక్‌డౌన్ మొదలైన రెండున్నర నెలలకి, హోటళ్లలో మళ్ళీ కూర్చుని తినొచ్చన్నారు చూడండి, అప్పుడు ఈ విమర్శసూత్రాలన్నీ తలకిందులయ్యాయి.

అంతకుముందు హైదరాబాదు వచ్చిన చుట్టాలు పేరు చూసి వెళ్ళేవారు. చార్మినార్ వైపైతే షాదాబ్, నిమ్రా, సికింద్రాబాదులో పారడైజ్. జనం కిటకిటలాడుతుంటే "అయితే బిర్యానీ బాగుంటుందన్నమాట" అనుకుని, తింటున్నవాళ్ళ కుర్చీల వెనకే కాపలా కాసేవారు! ఆ రద్దీయే ప్రశంసాపత్రం. రూల్సొచ్చాక అదే రద్దీ భయపెట్టింది. కుర్చీలు సగమే నిండాలి, మెనూ కార్డు ఒకసారి వాడి పారెయ్యాలి. విశాలమైన హాలు, గుమ్మంలో నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఉన్నచోటే మంచి హోటలనిపించుకుంది. సాంబారు ఎలా ఉందని అడిగినవాళ్ళే లేరు.

పోనీ, ఆ సగం కుర్చీల్లోనైనా ఇల్లాలు కూర్చుందా? అరవై అయిదు దాటినవాళ్ళూ, పదేళ్లలోపు పిల్లలూ, గర్భిణులూ ఇంటిపట్టునే ఉండటం మంచిదని ప్రభుత్వం సలహా చెప్పింది. తప్పనను. కానీ అత్తగారినీ చంటివాణ్ణీ వదిలి ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? మూడు పూటలా వండి విసిగిన మనిషికి దక్కింది పార్శిల్. దాని పొట్లాలు తుడవాలి, గిన్నెల్లోకి మార్చాలి, ఆ గిన్నెలు మళ్ళీ తోముకోవాలి. హోటల్లో నాకు అన్నిటికంటే రుచైనది తిన్న కంచం వదిలేసి లేవడమే. పార్శిల్లో అది రాదు.

ఇరానీ హోటళ్ల సంగతి మరీ అన్యాయం. అక్కడ బల్ల ఎవరి సొంతమూ కాదు. ముక్కూమొహం తెలియని నలుగురు ఒకే బల్ల చుట్టూ చేరి, ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకుంటూ లోకం సంగతులు మాట్లాడుకోవాలి. మధ్య కుర్చీ తీసేస్తే మిగిలేది టీ ఒక్కటే. కుర్చీలు సగమయ్యాయని అద్దె సగమవుతుందా?

ఇలాంటిచోట ఊళ్ళోవాళ్ళ విమర్శే నిజాయితీగా ఉందనిపించింది నాకు. మా వీధి మెస్‌లో ఉన్నవి ఆరు బల్లలు. మూడింటితో తెరిస్తే, రోజూ తినేవాళ్ళు ఇంటి నుంచి క్యారియర్లు పట్టుకొచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్ళు థర్మామీటరు కోసం చూడలేదు, "వంటాయన తిరిగొచ్చాడా?" అని అడిగారు. ఇప్పుడు రూల్సు పోయాయి. చుట్టాలేమో ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టుకుని బయలుదేరుతున్నారు. వాళ్ళకి ఆ మెస్ కనిపించదు. దానికి బోర్డు కూడా లేదు మరి.